ఆలోచనకు అన్నము పెట్టినవారు

ధనమూలమిదం జగత్తన్న మాటను లోకులు వర్తకమును గూర్చియు, వివాహములను గూర్చియు, వ్యాజ్యములను గూర్చియు వాడుచుందురు. దేశహితమును గూర్చి ఆలోచించుట మాత్రము ధనముతో నిమిత్తము లేని పవిత్రకార్యమని పలువురి తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. ఒక తాలూకాలో ఎన్ని బావులు పూడిపోయినవో, ఏ గ్రామమున ఎందరు పిల్లలు బడికి పోకున్నారో, నేతగాని మగ్గము నెలకెన్ని దినములు ఆడుచున్నదో తెలిసికొనవలెనన్నచో ఎవరో యొకరు ఊరూర తిరుగవలెను. తిరిగినవాడు తినవలెను. చూచినది వ్రాయవలెను, వ్రాసినది అచ్చుపడవలెను, అచ్చుపడినదానిని నలుగురు కూడి చర్చింపవలెను. ఇందులో ఏ యొక్కటియు కాసు లేక జరుగదు. ఆ కాసు ఎవరిదన్నది రెండవ ప్రశ్న. ఉప్పు తిన్న ఋణము మానవస్వభావమున నున్నది గనుక, ఆలోచించువానికి అన్నము పెట్టినదెవరో తెలిసినచో, ఆ ఆలోచన ఏ దిక్కునకు ఒరుగునో కొంతవరకు ఊహింపవచ్చును.

ప్రజానాయకులను, విద్యావంతులైన యువకులను ఒక త్రాటిపైకి తెచ్చి, వారిచే దేశ సమస్యలను పరిశీలింపజేసి, అందులకగు వ్యయమును భరించు సంస్థలు నేడు లోకమునందంతటను ఉన్నవి. ఇది క్రొత్త ఆలోచనయని విద్యార్థులు భావింపవచ్చును. కాని హైదరాబాదు నగరము ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే ఈ పనికి పూనుకొని, వ్యయమెవరు భరింపవలెనన్న ప్రశ్నకు ఒకటి కాదు, నాలుగు సమాధానములు చెప్పినది. నాంపల్లి రైలు స్టేషనులో దిగి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు దుకాణము పేర వెలసిన ఆబిడ్సు మీదుగా సుల్తాను బజారు వరకు నడచిపోవు బాటసారికి ఆ నాలుగింటి ఆనవాళ్లును కనబడును. వానిలో ఒకటి దాతల దానము, రెండవది సభ్యుల చందా, మూడవది విద్యార్థి వసతిగృహపు అన్నము, నాలుగవది సంతలో అమ్మిన టిక్కెట్టు.

దాత ఇల్లు

మొదటిది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావు గృహమున అది వెలసినది. మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు, ఆయన దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావు ఇందులకు తోడ్పడిరి. రాజభాష ఉర్దూగా, పాఠశాలలో బోధనాభాష ఉర్దూగా నున్న కాలమున, తెలుగు పుస్తకము దొరకు చోటొకటి రాజధానిలో ఏర్పడుట సామాన్య విషయము కాదు. రంగారావు మరణానంతరము ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళము ఆ సంస్థ సొంత ఇంటికి ఆధారమైనది. ఆ మహాయిల్లాలి పేరు నేటి విద్యార్థులకు తెలియకపోవుట విచారింపదగిన విషయము.

ఈ మిత్రులే 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిరి. రెండేండ్లకు అది మదరాసు చేరినను, పుట్టినది హైదరాబాదుననే. చరిత్ర, ప్రకృతి శాస్త్రములు, మహాపురుషుల జీవితములు తెలుగులో చదువుకొను భాగ్యము దానివలన కలిగినది. దాని తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. బానిసత్వమును రూపుమాపిన వాని జీవితము మొదటి పుస్తకమగుట గమనింపదగినది. వెట్టిచాకిరి రాజ్యమేలుచున్న సీమలో పుట్టిన మండలికి ఆ విషయము దూరదేశపు కథ కాజాలదు.

దాత సొమ్ములో ఒక సుగుణము కలదు. అది లెక్క అడుగక ఓర్పుతో పనిచేయును. ఒక దోషమును కలదు. దాత కన్ను మూసినచో దీపమారును. భాషానిలయము ఆరిపోకుండుటకు కారణము, దాత వెనుక చందాదారులు నిలుచుటయే. ఇచ్చట రెండవ సమాధానము మొదలగుచున్నది.

చందా పుస్తకము

1921 నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధినీ రంగశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితమంకితము చేసిన మహర్షి కార్వే దానికి అధ్యక్షులు. మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఉపన్యాసములు సాగినవి. అల్లంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాట్లాడబోగా సభలో గేలి చేసిరి, చప్పట్లు చరచిరి, మాట సాగనీయరైరి. ఆ రాజ్యమున తెలుగు మాటలాడువారే అధికసంఖ్యాకులు. ఆ రాత్రియే టేకుమాల రంగారావు ఇంట కొందరు యువకులు కూడిరి. ఆంధ్ర జనసంఘము పుట్టినది.

అవమానమునకు ప్రతీకారముగా పుట్టిన సంఘములు సాధారణముగా కోపము చల్లారగానే చల్లారును. ఇది చల్లారలేదు. కారణము మాడపాటి హనుమంతరావు. వృత్తిచే న్యాయవాది, స్వభావముచే నిదానస్థుడు అగు ఆయన కార్యదర్శియై, సంఘమునకు పనిని కల్పించెను. గ్రామములలో గ్రంథాలయములు, పాఠశాలలు పెట్టుట, శాసనములు, తాళపత్రములు సేకరించుట, రైతుల, వర్తకుల బాధలు విచారించుట ఆ పనులు. 1923లో హనుమకొండ సభనాటికి జిల్లాలలోని శాఖలను కలుపు కేంద్ర సంఘ మేర్పడినది. రాజధానిలోని పదిమంది న్యాయవాదులు, జిల్లాలలోని పంతుళ్లు, వర్తకులు, పెద్దరైతులు ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొను స్థితి వచ్చినది. సంఘమనగా అసలీ ఉత్తరములే.

ఆ సంఘము చేసిన ఒక పనిని ప్రత్యేకముగా చెప్పవలెను. అధికారి మకాముకు వచ్చినప్పుడు కోమటి దుకాణమునుండి చౌకధరకో, ధర లేకయో సరుకు తీసికొనుట, చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగువారిచే కూలి లేక పనిచేయించుకొనుట ఆనాటి ఆచారము. దీనిని ప్రతిఘటించుటకు ఆవేశపూరితములగు ఉపన్యాసములు చేయవచ్చును. కాని గస్తీ నిషాన్ తిర్పన్ అను ఆజ్ఞ సభలకు ముందుగా అనుమతి పొందవలెనని నిర్బంధించినది. అందుచే మాడపాటియు, ఆయన మిత్రులును వేరొక త్రోవ తొక్కిరి. ప్రభుత్వము తానే పూర్వము వెలువరించి, కచేరీల బీరువాలలో మరచిపోయిన ఉత్తరువులను వెదకి తీసి, ఉర్దూలోనున్నవానిని తెలుగు చేసి, వర్తక స్వాతంత్ర్యము, వెట్టిచాకిరి, మోతర్ఫా అను విషయములపై చిన్న పుస్తకములుగా అచ్చొత్తించి గ్రామములకు పంపిరి. వర్తకుడు దౌరాకు వచ్చిన అధికారి ఎదుట ప్రభుత్వపు ఉత్తరువునే చూపగలిగెను. నేడు విధాన పరిశోధన యని పెద్ద పేరుతో పిలువబడు విద్యకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. చట్టమును చదువుట, చట్టమునకును ఆచరణకును గల ఎడమును చూపుట, ఆ ఎడమువలన నష్టపడువాని చేతికి వాని భాషలో ఆ సంగతిని అందించుట అను మూడంగములును అందు కలవు.

వర్తకులు ఈ ఉద్యమమునకు చందాలిచ్చుటలో ఆశ్చర్యము లేదు. మేలు పొందినవాడు వ్యయమును పంచుకొనెను. ఆ చందా పుస్తకము బలమునుండియే 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. తరువాతి సంవత్సరము దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, 1934లో ఖమ్మమున పులిజాల వెంకటరంగారావు, 1935లో సిరిసిల్లలో మాడపాటి, 1936లో షాదునగరమున కొండా వెంకటరంగారెడ్డి, 1937లో నిజామాబాదున మందుముల నరసింగరావు అధ్యక్షులైరి. సభాస్థలములను పటముమీద గుర్తించి చూచిన విద్యార్థికి ఇది రాజధానీ విలాసము కాదని, తెలంగాణమంతయు అల్లుకొన్న తీగయని తెలియగలదు.

అయినను చందాకొక హద్దు కలదు. చందా ఇచ్చుకొనగలవాడే సభ్యుడు. సభ్యుని బాధయే సభకు బాధ. వర్తకుని కష్టము త్వరగా చర్చకు వచ్చినది; కౌలుదారు కష్టము ఆలస్యముగా వచ్చినది; మాలమాదిగల కష్టము మరియు ఆలస్యముగా వచ్చినది. ఆది హిందువుల బిడ్డలకై నగరమున పాఠశాలలు నడపిన భాగ్యరెడ్డివర్మ జోగిపేట సభలో మాట్లాడుటను కొందరు పూర్వాచారపరులు ఆక్షేపించిరి. తెలుగు మాటను గేలి చేసినందులకు పుట్టిన ఉద్యమము తొమ్మిదేండ్లకు తన సభలోనే ఒక తెలుగువాని మాటకు అడ్డము వచ్చినవారిని చూడవలసివచ్చినది. ఆయన మాట్లాడగలిగెను, కాని ఆ ఆక్షేపణ జరిగినదన్న సంగతిని చరిత్ర మరువరాదు. 1944లో భువనగిరి సభనాటికి రావి నారాయణరెడ్డి నాయకత్వమున సభ్యత్వ రుసుము తగ్గింపబడి, కూలివాడును, చిన్నరైతును చేరుటకు వీలు కలిగినది. సభ స్వరూపమే మారినది, మితవాదులు వేరైరి. రుసుము తగ్గుటయే చీలికకు కారణమనుట అతిశయోక్తి. కాని తలుపు వెడల్పు మారినప్పుడు ఇంటిలోని జనమును మారుదురు.

వసతిగృహపు అన్నము

మూడవ సమాధానము ఆబిడ్సులోని రెడ్డి హాస్టలు. 1918లో రాజబహదూరు వెంకటరామారెడ్డి ప్రోత్సాహముతో అది ఏర్పడినది. ఆయన తరువాత నగర కొత్వాలు పదవి నలంకరించిరి. అనగా నగర రక్షకభటవర్గమునకు అధిపతి. జిల్లాలనుండి చదువుకై వచ్చిన పిల్లవానికి రాజధానిలో తల దాచుకొను చోటు, వేళకు భోజనము, చదువుటకు దీపము లేకున్నచో విశ్వవిద్యాలయము ఉండియు లేనట్టిదే. ఈ మూడింటిని ఆ గృహము సమకూర్చినది. సురవరము ప్రతాపరెడ్డి దాని నిర్వహణ భారమును కొంతకాలము వహించి, అచటి గ్రంథాలయమును పెంపొందించెను. ఆయనయే 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణమున కవులు లేరన్న నిందకు 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను బదులుగా వెలువరించెను. రావి నారాయణరెడ్డి ఈ వసతిగృహపు విద్యార్థియే.

ఇందలి విశేషమును ఉపాధ్యాయులు తమ శిష్యులకు చెప్పదగును. నిజాము ప్రభుత్వపు కొత్వాలు పూనికతో వెలసిన గృహమున తిన్న పిల్లలు పెరిగి, ఆ ప్రభుత్వమునే ప్రశ్నించిరి. 1943లో పదవ ఆంధ్ర మహాసభ సందర్భమున తెలుగు భాషాభివృద్ధికై ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినదియు ఆ గృహ ప్రాంగణముననే. అది పిమ్మట ఆబిడ్సు తిలకు మార్గమున సొంత భవనము కట్టుకొని, ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలద్వారా వేలకొలది జనమునకు తెలుగు చదువు చెప్పినది. నేడు తెలంగాణ సారస్వత పరిషత్తను పేర వర్ధిల్లుచున్నది. అన్నము పెట్టుచు ఆలోచనకు సంకెల వేయకుండుట దాతకు సాధ్యమేయని ఈ చరిత్ర చాటుచున్నది. ఒక కులము పేర వెలసిన గృహమగుటవలన అందరకు సమానముగా అందని మేలును కలదన్నది నిజమే. నాటి నగరమున వసతి గృహములు పెక్కు కులముల పేరనే వెలసినవి. ఏ కులమున ధనికుడు లేడో ఆ కులపు పిల్లవాడు రాజధానికి రాలేకపోయెను.

టిక్కెట్టు కొన్నవారు

నాలుగవ సమాధానము అన్నిటికంటె చిత్రమైనది. అది నాంపల్లిది.

1938వ సంవత్సరము హైదరాబాదు చరిత్రలో కల్లోల సంవత్సరము. స్టేట్ కాంగ్రెసు రూపొందుచుండగనే ప్రభుత్వము నిషేధించినది. ఆర్యసమాజ సత్యాగ్రహము మొదలైనది. వందేమాతరము పాడినందులకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో పలువురకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చినది. పాముల పర్తి వెంకట నరసింహారావు వారిలో ఒకడు. ఆ సంవత్సరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రుల సంఘమునకు చెందిన ఆర్థిక సమితివారు వేరొక పని తలపెట్టిరి. రాజ్యపు ఆర్థిక స్థితిని స్వయముగా పరిశీలింపవలెనని వారి కోరిక. ఏ జిల్లాలో ఏమి పండుచున్నది, ఏ చేతిపని బ్రదికియున్నది, ఏది చచ్చుచున్నది అను విషయములు తెలియనిదే పరిపాలనను గూర్చి మాటలాడుట గాలి మాటలగునని వారెరుగుదురు.

అంతకుముందు ఇట్టి పరిశీలనలు జరుగలేదా? జరిగినవి. ఆచార్య ఎస్. కేశవ అయ్యంగారు 1929–30లో గ్రామములను విచారించి పెద్ద నివేదికలు వ్రాసిరి. వ్యవసాయదారుల ఋణములను గూర్చి భరూచా అను అధికారి నివేదిక 1937లో వెలువడినది. రైతు భూమి వడ్డీవ్యాపారి చేతికి పోవుచున్న తీరును ఆనాటి ఈ విచారణలు బయటపెట్టినవి. ఇవి ప్రభుత్వము తన సొమ్ముతో తాను చేయించుకొన్నవి. పట్టభద్రులు తలపెట్టినది అట్టిది కాదు; విద్యావంతులు తమంత తాము చేయునట్టిది. అందుచే దానికి సొమ్మును తామే గడింపవలసియుండెను.

అప్పుడు పుట్టినది నుమాయిషు ఆలోచన. స్వదేశపు వస్తువులను ఒకచోట చేర్చి ప్రదర్శింతము. చూడవచ్చినవారివలన, దుకాణములవలన వచ్చు ఆదాయమును పరిశీలనకు వాడుదము అని నిశ్చయించిరి. నాంపల్లిలోని పబ్లికు గార్డెన్సున పది దినములు, నూరు దుకాణములకు మించని ప్రదర్శన జరిగినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను దానిని ప్రారంభించెను. నుమాయిష్ మస్నూఆతె ముల్కీ అని పేరు. ముల్కీ వస్తువుల ప్రదర్శన, అనగా ఈ దేశమున తయారైన వస్తువుల ప్రదర్శన యని అర్థము. ముల్కీయన్న మాట అంతవరకు ఉద్యోగముల పోరాటమున వినబడుచుండెడిది. దానిని ఉద్యోగమునుండి ఉత్పత్తికి మరల్చుట ఆ యువకుల ప్రతిభ. తనిఖీ లేని సొమ్ము, నిర్బంధము లేని సొమ్ము, వేలమంది జేబులనుండి చిల్లరగా వచ్చిన సొమ్ము వారికి దొరికినది. టిక్కెట్టు కొన్న గృహస్థు ఆర్థిక పరిశీలనకు విరాళమిచ్చుచున్నానని అనుకొనలేదు. గాజులు కొనుటకు, మిఠాయి తినుటకు, పిల్లలకు రంగులరాట్నము చూపుటకు వచ్చెను. అతడు ఏమియు ఆజ్ఞాపింపడు. అతని రుణము తీర్చుటకు పరిశోధకుడు తన నివేదికలో ఒక్క అక్షరమును మార్చనక్కరలేదు.

1946లో ప్రదర్శన నాంపల్లిలోని నేటి మైదానమునకు మారినది. దేశవిభజన, పోలీసుచర్య కల్లోలములలో 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. పిమ్మట అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన యని పేరు వచ్చినను జనులు నుమాయిషనియే పిలిచిరి. జనవరి 1 మొదలు నలుబది అయిదు దినములకు పైగా సాగుట, రెండువేలకు మించిన దుకాణములు వెలయుట వాడుకయైనది. కాశ్మీరు శాలువా, లక్నో కుట్టుపని, ఖుర్జా పింగాణి, పోచంపల్లి చీర ఒకే వీథిలో అమ్ముడగును. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదమున వందలాది దుకాణములు భస్మమైనవి, 2021లో మహమ్మారి కారణమున ప్రదర్శన జరుగలేదు, మరల నిలద్రొక్కుకొన్నది.

మరి ఆ ఆదాయమేమైనది? ఎగ్జిబిషను సొసైటీ దానిని ప్రధానముగా విద్యాసంస్థలకు వెచ్చించినది. మైదానపు ప్రాంగణముననే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నికు ఉన్నవి. నగరమునను జిల్లాలలోను కలిపి ఆ సంఘపు పోషణలో ఇరువదికి దరిదాపు విద్యాసంస్థలు నడచుచున్నవి. పరిశీలనకై నాటిన విత్తనము పాఠశాలయై ఫలించినది.

లోకములోని తోడు కథలు

ఇట్టి మార్పు హైదరాబాదునకే చెల్లినది కాదు. లండనులో ఫేబియను సంఘమునకు చెందిన హెన్రీ హచిన్సను 1894లో మరణించుచు తన ఆస్తిని ఆ సంఘపు ఆశయములకై వ్రాసియిచ్చెను. ఆ సొమ్మును ప్రచారమునకు వాడవలెనని కొందరు వాదించిరి. సిడ్నీ వెబ్బు దానితో 1895లో ఒక ఆర్థికశాస్త్ర పాఠశాలను స్థాపించెను. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సను పేరుతో అది లోకప్రసిద్ధి నొందినది. ప్రచారము ఒక ఎన్నికతో అణగిపోవును. పాఠశాల తరములను తీర్చును. వెబ్బు నిర్ణయమును నుమాయిషు చరిత్రయు సమర్థించుచున్నది.

మన దేశమున గోపాలకృష్ణ గోఖలే 1905లో పూనాలో భారత సేవక సంఘమును స్థాపించెను. అందు చేరిన యువకుడు అల్పమైన జీవనభృతితో తృప్తిపడి, కొన్నేండ్లు శిక్షణ పొంది, జీవితమును ప్రజాసేవకు అర్పింపవలెను. పట్టుదల గల యువకునకు కడుపు నిండునంత యిచ్చి, ధనవంతుడగునంత యీయకుండుట గోఖలే కనుగొన్న సూత్రము. దేశభక్తి చాలదు, దేశమును గూర్చిన పరిజ్ఞానమును కావలెనని ఆయన పట్టుపట్టెను. ఆబిడ్సు వసతిగృహమున వెలసిన విద్యయు ఇంచుమించు ఇదియే. కాని అచ్చట నియమములు వ్రాసియుండలేదు.

ప్రభుత్వపు సొమ్ముతో మేలు జరుగదనుటయు తప్పు. జోడేఘాటులో కొమురం భీము 1940లో నేలకొరిగిన తరువాత, నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు అను మానవశాస్త్రవేత్తచే గోండుల స్థితిని విచారింపజేసినది. ఆయన సలహాపై 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము తెరువబడినది. గోండీ భాషలో వాచకములు సిద్ధమైనవి. విచారణ పాఠశాలయైనది, పాఠశాలనుండి ఆ జాతికి సొంత నాయకులు పుట్టిరి. అయితే ఆ విచారణకు ముందు రక్తము చిందవలసివచ్చినదన్న సంగతిని గమనింపవలెను. ప్రభుత్వపు సొమ్ము సాధారణముగా ఆపద వచ్చిన పిమ్మట కదలును. ఆపదకు ముందే కదలు సొమ్మే దేశమునకు కావలసినది.

ఫలమేమి?

ఈ నాలుగు మార్గముల ఫలమును కొలుచుటకు స్వాతంత్ర్యానంతర చరిత్రయే సాక్షి. దేవరకొండ సభాధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు రెవెన్యూ మంత్రిగా నున్న కాలమున 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వెలువడినది. వెట్టిని గూర్చి యౌవనమున చర్చించినవానికి నడివయస్సున చట్టము చేయు అవకాశము వచ్చినప్పుడు, ఏమి చేయవలెనో తెలిసియుండెను. మాడపాటి 1951లో నగరపు మొదటి మేయరు అయ్యెను. రావి నారాయణరెడ్డి 1952లో నల్లగొండనుండి లోకసభకు నెహ్రూ కంటెను అధికముగా ఓట్లు పొంది గెలిచెను. వీరి రాజకీయములు వేరు. కొన్నిచోట్ల పరస్పర విరుద్ధములు. కాని వారందరు ఒకే గ్రంథాలయమున, ఒకే సభలలో, ఆ నాలుగు వీథులలో చదివి, వాదించి, లెక్కించి, వ్రాసి పెరిగిరి. ఇరువది, ముప్పది ఏండ్లకు గాని ఇట్టి పెట్టుబడి ఫలింపదు. మరుసటి సంవత్సరమే ఫలము చూపుమన్న దాత ఈ తోట నాటజాలడు.

నేడు పరిస్థితి మారినది. 1956లో హైదరాబాదున ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, 1980లో వెలసిన ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రము వంటి సంస్థలు గలవు. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సాంఘిక ప్రయోజనములకు వెచ్చింపవలెనని విధించినది. విదేశ విరాళములపై 2010లో వచ్చిన చట్టమును, 2020లో దానికి చేసిన సవరణలును బయటి సొమ్మును కట్టుదిట్టము చేసినవి. కావున స్వదేశపు సొమ్ముతోనే స్వదేశపు ఆలోచనను పోషింపవలసిన అవసరము పెరిగినది. ఉన్నత విద్య ముగించిన యువకునకు ఒక సంవత్సరమో, రెండు సంవత్సరములో వేతనమిచ్చి ప్రజాపాలనను పరిశీలింపజేయు ఏర్పాట్లును వచ్చినవి. ఇవి మెచ్చదగినవే. కాని ఒక్కొక్కరికి వేతనమిచ్చుట వేరు, వారినందరిని కలుపు తీగను పెంచుట వేరు. వేతనము ముగియగానే ఎవరి త్రోవ వారిదైనచో, మాడపాటి కాలపు ఉత్తరములు లేవు, జోగిపేట లేదు, సిరిసిల్ల లేదు. ఆ తీగకు నీరు పోయువాడు నేటికిని అరుదు. సభకు, భోజనమునకు, రైలుకర్చునకు, చిన్న పుస్తకము అచ్చునకు ఇచ్చు సొమ్ము చూపునకు అల్పముగా తోచును, పేరు రాదు, ఫలకముపై చెక్కుటకు ఏమియు మిగులదు. నిజమునకు సంఘమును నిలిపినది ఆ అల్పపు కర్చే.

ఏ మార్గము శ్రేష్ఠము? ఒక్కటియే నమ్ముకొనుట క్షేమము కాదని ఈ చరిత్ర నేర్పుచున్నది. దాత ప్రారంభింపగలడు, చందాదారుడు నిలుపగలడు, వసతిగృహము మనిషిని తీర్చగలదు, సంత స్వాతంత్ర్యము నీయగలదు. దాత ఒక్కడే అయినచో అతని ఇష్టమే విధానమగును. చందా ఒక్కటే అయినచో చందా లేనివాని గొంతు వినబడదు. వసతిగృహము తలుపు ఒక కులమునకే తెరచినచో విద్య విభజింపబడును. సంత ఒక్కటే అయినచో దుకాణపు సందడిలో పరిశీలన మరుగునపడును. నాలుగును కలిసి, ఒకదాని దోషమును మరియొకటి సవరించుచుండినప్పుడే ఆలోచన స్వతంత్రముగా నుండును.

ఉపాధ్యాయులకు ఇందు ప్రత్యేక కర్తవ్యము కలదు. ఆంధ్ర జనసంఘపు శాఖలను నడపినవారిలో పంతుళ్లు పలువురు. పాఠశాలలోని పదిమంది పెద్దపిల్లలచే తమ గ్రామమున పారుచున్న బావులెన్ని, పనిచేయు మగ్గములెన్ని, బడి మానిన బాలికలెందరు, ఏ ఉత్తరువు కాగితముపై నున్నది, ఏది అమలున నున్నది అని లెక్క వ్రాయించుటకు గొప్ప ధనము అక్కరలేదు. నోటు పుస్తకములు చాలును. ఆ లెక్కలను పొరుగు పాఠశాల లెక్కలతో పోల్చి చూచుటకు ఏడాదికొక సభ చాలును. ఆ సభ వ్యయమునకు పిల్లలు తయారుచేసిన వస్తువులతో పాఠశాలయందే ఒక చిన్న ప్రదర్శన పెట్టి, పైసలలో టిక్కెట్టు అమ్మవచ్చును. 1938లో పట్టభద్రులు చేసినది ఇంతకంటె ఘనమైన పని కాదు. వారికి పది దినములు, ఒక తోట, నూరు దుకాణములు చాలినవి.